నేర్పుకు వెల

సూరత్ నగరంలో రింగురోడ్డు దాటి ఉధనా వైపు పోయే దారిలో ఖటోదరా అనే పేట ఉన్నది. అక్కడొక పారిశ్రామికవాడ. మగ్గాల షెడ్లు, ఎంబ్రాయిడరీ యంత్రాల షెడ్లు, వాటికి విడిభాగాలమ్మే దుకాణాలు ఒకదానినొకటి ఒరసుకొని ఇరుకుగా నిలిచి ఉంటాయి. ఆ పేటలో నా చెవిని పడిన ఒక మాటతో ఈ వ్యాసం ఆరంభిస్తున్నాను. అనువాదకుని బ్రతుకు మాటలతోనే గనుక పాఠకులు ఈ అలవాటును మన్నింతురు గాక.

ఆ మాట 'పంచింగ్'. కంప్యూటరు ముందు కూర్చుండి, చీర అంచున పూయవలసిన పువ్వుకు సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో, ఏ రంగు దారం ఎప్పుడు మారాలో నిర్ణయించే పనిని అక్కడ పంచింగ్ అంటారు. ఆ పనివాడు 'పంచర్'. పంచ్ చేయడమంటే రంధ్రం పొడవడం గదా! ఇతడు దేనికీ రంధ్రం పొడవడు. పొడిచేదంతా తెరమీద గీత. మరి ఈ పేరెందుకు? వెనుకటి కాలంలో ఆ నమూనాలన్నీ అట్టలమీద, కాగితపు పట్టీలమీద రంధ్రాలుగానే ఉండేవి. 19వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జాకార్డ్ మగ్గానికి అమర్చిన రంధ్రాల అట్టలు జగత్ప్రసిద్ధమైనవి. అట్టలో రంధ్రమున్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రాన్ని ఊహించినప్పుడు ఆ అట్టలనే ఎరువు తెచ్చుకొన్నాడు. ఆ పోలికను అడా లవ్‌లేస్ 1843లో ప్రకటించిన వ్యాఖ్యలలో విశదంగా చెప్పింది. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ వాడినవీ రంధ్రాల కార్డులే. అంటే కంప్యూటరు నేతగానికి పరాయిది కాదు; అతని ఇంటినుండి వెళ్ళిన చుట్టమే. ఐతే వెళ్ళినప్పుడు చేతిసంచితో వెళ్ళిన చుట్టం, తిరిగి వచ్చినప్పుడు తాళంచెవుల గుత్తితో వచ్చింది.

ఈ మాట ఎందుకు చెప్పవలసివచ్చిందంటే, నేను దిగిన ఇంటిలోనే ఈ కథ యావత్తూ జరుగుతున్నది. సూరత్‌లో తెలుగువారు కొద్దిమంది కారు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తమ ఊళ్ళలో చేనేత క్షీణించగా షోలాపురం, భివండీ, బొంబాయి, సూరత్ పట్టి పోయినారు. ఉధనా, లింబాయత్ పేటలలో తెలుగు వీధులే ఏర్పడినవి. నగరపాలక సంస్థవారు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగులో కూడా బడులు నడుపుతూ వచ్చారంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. మరమగ్గాల మీద గంజాం జిల్లానుండి వచ్చిన ఒడియా శ్రామికులు మరింత ఎక్కువ. ఎవరైనా సాధారణంగా పన్నెండు గంటల షిఫ్టే. కూలి మీటరు లెక్కే.

నాకు ఆతిథ్యమిచ్చినాయన సిరిసిల్ల వైపువాడు. ముప్పై ఏండ్లుగా మరమగ్గం మీద నిలబడినవాడు. 'నిలబడిన' అన్నది అలంకారం కాదు. మగ్గాల వరుసల నడుమ నడుస్తూ, తెగిన పోగు ముడివేస్తూ, నాడె మారుస్తూ పన్నెండు గంటలు కూర్చుండే సందే లేదు. చెవి సగం పోయినది. మనం మెల్లగా మాట్లాడితే చిరునవ్వు నవ్వి ఊరకుంటాడు. అదే ఇంటిలో ఆయన మేనల్లుడు, ఇరవైరెండేండ్లవాడు, ఖటోదరాలో పంచర్. కుర్చీ, పంకా, తెర. మేనమామ నెల పొడుగునా మీటర్లు నేసి తెచ్చేదానికి ఇంచుమించు రెట్టింపు అతడు తెస్తాడు.

"వానిది మెదడు పని సారూ, నాది కాళ్ళ పని. వానికెక్కువ రావొద్దా మరి?" అన్నాడు మేనమామ. అందులో అసూయ లేదు. నేను ఎంత వెదకినా కనబడలేదు. కాని ఆ ప్రశ్నను నాకే విడిచిపెట్టినాడు. రావద్దా? వస్తే ఎందుకు రావాలి? ఎంత రావాలి?

దీనికి మన కాలం దగ్గర సిద్ధంగా ఒక జవాబున్నది. నూతన యంత్రం నూతన నేర్పును కోరుతుంది, ఆ నేర్పు ఉన్నవానికి గిరాకీ, లేనివాడు నేర్చుకోవాలి, నేర్చుకొంటే అంతరం తగ్గుతుంది. ఈ జవాబు తప్పని నేననను. డచ్చి ఆర్థికవేత్త యాన్ టిన్‌బెర్గెన్ 1970 దశకంలో దీనిని చదువుకూ యంత్రజ్ఞానానికీ నడుమ పందెంగా వర్ణించాడు. 2008లో క్లాడియా గోల్డిన్, లారెన్స్ కట్జ్ అనేవారు అమెరికా చరిత్రకు ఆ సూత్రాన్నే విస్తరించి, చదువు ముందంజవేసిన దశాబ్దాలలో కూలి అంతరాలు తగ్గినవనీ, వెనుకబడిన దశాబ్దాలలో పెరిగినవనీ చూపించారు. పెద్ద సత్యమే. కాని పెద్ద సత్యాలను చిన్న ఇళ్ళకు తెచ్చినప్పుడు ద్వారబంధం తగులుతూ ఉంటుంది.

1993లో అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త, పనిలో కంప్యూటరు వాడేవారు వాడనివారికన్న నూటికి పది పదిహేను వంతులు ఎక్కువ ఆర్జిస్తున్నారని అమెరికా లెక్కలనుండి తేల్చాడు. లోకం ఆ సంఖ్యను పట్టుకొన్నది. కంప్యూటరు నేర్పండి, దారిద్ర్యం పోతుందన్నారు. నాలుగేండ్లకు, 1997లో, డినార్డో, పిష్కె అనే ఇద్దరు జర్మనీ లెక్కలు ముందు వేసుకొని ఒక కొంటెపని చేశారు. కంప్యూటరుకు బదులు పెన్సిలు వాడేవారి కూలి చూశారు. వారికీ ఇంచుమించు అంతే ఎక్కువ! కూర్చుండి పనిచేసేవారి కూలి చూశారు. వారికీ ఎక్కువే. పెన్సిలు పట్టడం నేర్పితే కూలి పెరుగుతుందని ఎవరైనా అంటారా? అంటే, ఆ అధికాదాయంలో కొంతభాగమైనా సాధనానిది కాదు; ఆ సాధనం ఎవరి చేతికి ఇస్తారో, ఎవరిని కూర్చుండబెడతారో, ఎవరిని నిలబెడతారో దానిది. ఈ పరిశోధనను మా మేనల్లునికి హిందీలో వివరించగా, అతడు తన కుర్చీవంక ఒకసారి చూచుకొని నవ్వాడు. ఆ నవ్వుకు నేను కొంచెం సిగ్గుపడ్డాను. అతని శ్రమను తక్కువచేసినట్లయినది. ఆరునెలలు రాత్రిళ్ళు చేతిఫోనులో హిందీ పాఠాలు వింటూ, ఇంగ్లీషు ఆజ్ఞలను ఆకారాన్నిబట్టి గుర్తుపెట్టుకొంటూ నేర్చిన విద్య అది. నేర్పు నేర్పే.

ఐనా అతడు చెప్పిన మరొక సంగతి ఆ జవాబును మరింత కదిలించింది. అతడు ఈ పనిలో చేరినప్పుడు ఆ గల్లీలో పంచర్లు ముగ్గురు. ఇప్పుడు ఎందరో అతనికే తెలియదు. ఒక నమూనాకు అప్పుడిచ్చిన వెల ఇప్పుడివ్వరు. "నేర్చుకో అని అందరితోటి అన్నరు. అందరూ నేర్చుకున్నరు. ఇప్పుడు నన్నే నువ్వు గాకపోతే ఇంకొకడంటున్నరు" అన్నాడు. ఒక్కనికి హితమైన ఉపదేశం వేయిమందికి ఒకేసారి చేస్తే అది ఉపదేశంగా మిగలదు. తిరునాళ్ళలో ఒకడు మునివేళ్ళమీద లేస్తే రథం కనబడుతుంది. అందరూ లేస్తే అందరి కాళ్ళూ నొస్తాయి. కాని రథం చూడదలచినవారిని కూర్చోండని చెప్పే అధికారం ఎవరికున్నది? నాకు మాత్రం లేదు. నేర్చుకోవద్దని ఏ బీదబిడ్డకూ ఎవరూ చెప్పజాలరు. నా శంక నేర్పుమీద కాదు. నేర్పు ఒక్కటే న్యాయం చేసిపెడుతుందనే విశ్వాసం మీద.

ఈ విశ్వాసం గొప్పవారినే మోసగించింది. డేవిడ్ రికార్డో మొదట యంత్రాలవల్ల అన్ని వర్గాలకూ మేలేనని నమ్మినవాడు. 1821లో తన గ్రంథపు మూడవ ముద్రణలో యంత్రాలను గురించి కొత్తగా ఒక అధ్యాయం చేర్చి, శ్రామికునికి నష్టం కలుగవచ్చునని ఒప్పుకొన్నాడు. అంతకు పదేండ్లు ముందు, 1811లో, నాటింగ్‌హామ్ ప్రాంతపు అల్లికపనివారు యంత్రచట్రాలను పగులగొట్టినారు. మరుసటి ఏట పార్లమెంటు ఆ నేరానికి ఉరిశిక్ష విధిస్తూ చట్టం చేసింది. అజ్ఞానులని నేటికీ వారిని ఎగతాళి చేస్తారు. వారు అజ్ఞానులు కారు. ఆ పనిలో ఆరితేరినవారు. తమ నేర్పుకు అంతవరకూ ఉన్న వెల ఒక్కసారిగా పోవడమే వారి దుఃఖం.

'నేర్చుకోగలిగినవారు నేర్చుకొంటారు' అనేమాటలో 'గలిగిన' అన్నచోట ఎంత బరువున్నదో కూడ చూడాలి. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం మన పల్లెలలో నూటికి 4.4 ఇళ్ళలోనే కంప్యూటరున్నది; పట్టణాలలో 23.4 ఇళ్ళలో. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎన్నడైనా ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు నూటికి 33.3 మంది, పురుషులు 57.1 మంది. ఆ తరువాతి ఏండ్లలో చేతిఫోనులు మరింత వ్యాపించిన మాట నిజమే. కాని నేనున్న ఇంటిలో ఫోనులు రెండు, రెండూ మగవారివి. ఆ ఇల్లాలు ఎంబ్రాయిడరీ అయిన చీరల వెనుక వ్రేలాడే దారాలు కత్తిరిస్తుంది. ధాగా కటింగ్ అంటారు. చీరకింత అని లెక్క. మూట వచ్చినదనే కబురు మేనల్లుని ఫోనుకు వస్తుంది. అతడు షిఫ్టులో ఉంటే ఆ మూట పక్కింటికి పోతుంది. ఆమె నేర్పులో లోపమేమున్నది? కత్తెర మొన బట్టకు తగులకుండ, చూడకుండానే ఆమె దారం త్రుంచడం నేను చూశాను. ఆ కత్తెరపనికి తరగతులు లేవు, ధ్రువపత్రం లేదు, కనుక అది నేర్పు అనే లెక్కలోకి రాదు. సూరత్‌లోనే వజ్రాలు సానపట్టే రత్నకళాకారులలో, రాయిని భూతద్దంతో చూచి ఎక్కడ కోయాలో చెప్పగలవానికి ఒకప్పుడు పెద్ద మన్నన. రాయిలోపలి మచ్చలను యంత్రమే తెరమీద చూపడం వచ్చిన తరువాత ఆ కంటికి మునుపటి వెల లేదు. కన్ను అదే. వెలకట్టేవాని అవసరం మారింది.

కనుక మేనమామ ప్రశ్నకు వద్దాం. మెదడు పనికి ఎక్కువ రావద్దా? రస్కిన్ ఒక పుస్తకంలో బైబిలులోని ద్రాక్షతోట యజమాని కథను ఆధారం చేసుకొన్నాడు. ఉదయం వచ్చినవానికీ, సాయంకాలం చివరి గంటకు వచ్చినవానికీ ఆ యజమాని ఒకే కూలి ఇస్తాడు. గాంధీ ఆ పుస్తకాన్ని 1904లో జొహానెస్‌బర్గునుండి డర్బనుకు పోయే రైలులో చదివి, 1908లో దాని సారాన్ని గుజరాతీలోకి తెచ్చాడు. మాటకు మాట పెడితే 'ఈ చివరివానికి కూడా' అని కావలసిన పేరును ఆయన 'సర్వోదయ' అన్నాడు. అనువాదకులం ఇట్టి స్వాతంత్ర్యం తీసుకొంటే మమ్మల్ని తప్పుపడతారు. కాని ఆ తప్పులోనే ఒక తత్త్వం పుట్టింది. నేనంతదూరం పోలేను. ఆరునెలల నిద్ర మానుకొన్న కుర్రవానికి కొంచెం ఎక్కువ రావడం నాకు అన్యాయంగా తోచదు. నాకు అన్యాయంగా తోచేది మరొకటి. అతడు గీసిన నమూనా ఒక చిన్న కడ్డీలోకి ఎక్కి, ఎన్ని యంత్రాలకైనా పోతుంది. ఎన్నివేల చీరలమీదనైనా పూస్తుంది. అతనికి ముట్టేది ఒకసారి. యంత్రం నడిపే మనిషికి ముట్టేది గంటలకు. ఆ తరువాత పూసిన ప్రతి పువ్వూ యంత్రం ఎవరిదో వారిది. మేనమామకూ మేనల్లునికీ నడుమ ఉన్న అంతరాన్ని అందరం కొలుస్తున్నాము. వారిద్దరినీ ఒకచోట నిలబెట్టి, వారికీ షెడ్డు యజమానికీ ఉన్న అంతరాన్ని కొలిచేవారు అరుదు. అక్కడ నేర్పు మాట ఎత్తరు.

ఈ గుజరాతు నేలమీదనే 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు, ప్లేగు కాలపు బోనసు తీసివేయగా, నూటికి 35 వంతుల కూలి పెంపు కోరి పని మానినారు. ఇంకా బాగా నేయడం నేర్చుకొని రండని వారితో గాంధీ అనలేదు. ధరలు పెరిగినవి, లాభాలున్నవి, వాటిలో వాటా రావాలి అన్నాడు. మధ్యవర్తి ఆనందశంకర ధ్రువ తుదకు ఆ 35 వంతులనే ఖాయపరచాడు. సూరత్ షెడ్లలో అట్టి బలమైన సంఘం నాకు కానరాలేదు. చిన్న చిన్న షెడ్లు, ఊరూరినుండి వచ్చిన మనుషులు, పండుగకు పోతే తిరిగివచ్చేసరికి వేరొకరు నిలబడి ఉండే మగ్గం. ఇట్టిచోట నేర్పు ఒక్కటే ఆయుధమని చెప్పడం సులభం. ఎందుకంటే ఆ మాటకు యజమానికి ఖర్చు లేదు.

యంత్రం శ్రామికుని పక్షాన నిలిచిన ఉదాహరణ లేకపోలేదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆరవ తరగతితో బడి మానిన చేనేతబిడ్డ. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో రోజూ వేలసార్లు చేయి ఆడించి తల్లి భుజం పడే బాధ చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రం నిలబెట్టాడు. ఆమె పేరే దానికి పెట్టుకొన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ యంత్రం చేరినది ఆ పనిచేసే ఇంటికే. నాలుగైదు గంటల పని గంటన్నర అయినప్పుడు మిగిలిన కాలం ఆ ఇల్లాలిదే అయినది. కుట్టుమిషనును గురించి గాంధీ 1924లో ఇచ్చిన మినహాయింపు వెనుక ఉన్న ఆలోచన ఇట్టిదే. ఒక మనిషి తన భార్య చేతులకు విశ్రాంతినివ్వాలని కనిపెట్టినదని ఆయన దానిని మెచ్చుకొన్నాడు. ఖటోదరాలో మిగిలిన కాలం ఎవరిదైనదో చూశాను. మగ్గం వేగం పెరిగింది. మనిషికి అప్పగించే మగ్గాల సంఖ్య పెరిగింది. షిఫ్టు పన్నెండు గంటలే.

ఇతరుల కూలినిగూర్చి ఇంత వ్రాసి నా సంగతి దాచడం మర్యాద కాదు. నేను ఎం.ఏ. చదివి, హిందీ తెలుగుల నడుమ ముప్పై ఏండ్లుగా బరువులు మోస్తున్నవాడను. రెండేండ్ల క్రిందట ఒక కార్యాలయంవారు నాకు ఎప్పటివలె హిందీ ప్రతి పంపక, యంత్రం చేసిన తెలుగు ప్రతి పంపి, 'కొంచెం చూచిపెట్టండి' అన్నారు. పుటకు ఇచ్చేది మునుపటిలో మూడవవంతు. చూడబోతే, హిందీలో 'కల్' అన్నచోటనెల్లా యంత్రం 'రేపు' అని వ్రాసింది. ఆ మాటకు నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. క్రియను చూచి తెలుసుకోవాలి. కథలో చనిపోయిన ముసలాయన రేపు చనిపోయినాడు! దిద్దినాను. వాక్యం వాక్యం దిద్దేసరికి, మొదటినుండి వ్రాయడానికి పట్టేంత కాలమే పట్టింది. కూలి మాత్రం మూడవవంతే. అన్నిటికంటె చిత్రమైనది, ఆ తెలుగులో అక్కడక్కడ చక్కని పలుకుబడి కనబడటం. అట్టి యంత్రాలు మనుషులు చేసిన అనువాదాలు రాశులుగా చదివి నేర్చుకొంటాయి. అందులో మా తరంవారి చేతిపని కూడా ఉన్నదో, ఎవరి వాక్యం ఎక్కడ కలిసిందో ఎవరు చెప్పగలరు? జాకార్డు అట్టలోకి ఎక్కిన నేతగాని పేరు కూడా ఎవరికీ తెలియదు గదా. నేను ఆ పని తిరస్కరించినానని చెప్పుకోగలిగితే బాగుండును. తిరస్కరించలేదు. ఇంకొక అనువాదకుడు ఒప్పుకొంటాడని తెలుసు.

బయలుదేరే ముందునాడు మేనమామ నన్ను తన షెడ్డుకు తీసుకపోయినాడు. ఏడాదిగా ఆయన ఎలక్ట్రానిక్ మగ్గం మీదకు మారినాడు. మగ్గానికొక చిన్న పలక. దానిమీద ఎర్రని అంకెలు, ఎన్ని పోటులు పడినవో, ఎన్ని మీటర్లు అయినవో చూపుతూ ఉంటాయి. పూర్వం తాకా దింపి ముకద్దం కొలిచి వ్రాసుకొన్నదే లెక్క. నెలాఖరున కొన్ని మీటర్లు తగ్గేవి. అడిగితే, నీ లెక్క ఏది, చూపు, అనేవారు. ఇప్పుడాయన షిఫ్టు దిగేముందు మేనల్లుని పాత ఫోనుతో ఆ అంకెలను ఫొటో తీసుకొంటాడు. మొదటి నెలలోనే తేడా వచ్చింది, ఫొటోలు చూపాడు, డబ్బు ఇచ్చినారు. ఆయనకు నమూనాలు గీయడం రాదు, ఇంగ్లీషు రాదు. ఒక మీటరు ఎక్కువ నేసినదీ లేదు. ఆ నెల కూలి మాత్రం పెరిగింది. ఆర్థికవేత్తలు దీనిని ఏ పద్దులో వ్రాస్తారో నాకు తెలియదు. నేను చూచిన అంకెల విద్యలన్నిటిలో ఇదే నాకు గట్టిదిగా కనబడినది. పక్క మగ్గాల ఒడియా సోదరులు ఇద్దరు ఆయనవద్ద ఈ పని నేర్చుకొన్నారు. వారు నేర్చినందువల్ల ఈయన వాటా తగ్గలేదు.

పలకక్రింద నాలుగు మీటలున్నవి. వాటి పేర్లు ఇంగ్లీషులో ఉండటాన, తెలుగులో వ్రాసిపెట్టమని ఒక అట్టముక్క ఇచ్చినాడు. మూడు వ్రాసినాను. నాలుగవది లెక్కను సున్న చేసే మీట. దానిని ఏమనాలో ఒక క్షణం తోచలేదు.

"గది మాది కాదు సారూ, ముకద్దంది. మేం ముట్టొద్దు" అన్నాడు.

"ముట్టకపోయినా ఏమిటో తెలిసి ఉండాలి గదన్నా" అని, 'మొదటికి' అని వ్రాసి, దానిక్రింద 'నొక్కితే అంకెలు పోతాయి' అని చిన్న అక్షరాలతో వ్రాసినాను. ఆయన ఆ అట్టను జేబులో పెట్టుకొని, ఆ మీట నొక్కినప్పుడు ఎవరు నొక్కినదీ ఎక్కడైనా వ్రాసి ఉంటుందా అని అడిగాడు. నేను మేనల్లుని ముఖం చూశాను. చూచి చెబుతానన్నాడతడు. ఇంతలో షిఫ్టు వేళ అయినది.